నాలుగో వార్డు జనాభా 1,283

ఏప్రిల్ 14, మంగళవారం, ఉదయం 9.40కి అమెరికా దక్షిణాదిలోని టార్వర్ కౌంటీ బోర్డు సైప్రస్ బాటమ్ అంబులెన్స్ స్టేషన్‌ని మూసెయ్యాలని తీర్మానించింది. అనుకూలం మూడు, వ్యతిరేకం రెండు. అమలు జూన్ ఒకటి నుంచి.

ఓజెల్లా ట్రామెల్ వెనక బెంచీలో కూచుని ఉంది. ఆమెది ఆ బాటమ్ ఊరే. పని జైలు వంటగదిలో. ఆ పూట సెలవు పెట్టి వచ్చింది. ఫిబ్రవరిలో బోర్డు ఆ స్టేషన్‌కి రాత్రి డ్యూటీ తీసేసింది. మార్చి 3న తెల్లవారుజామున ఐదున్నరకి ఆమె భర్త ఏమస్ వాకిట్లో పడిపోయాడు. బండి కౌంటీ కేంద్రం నుంచి రావడానికి నలభై ఏడు నిమిషాలు పట్టింది. అప్పటికే ప్రాణం పోయింది. ఆమె ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు చూసింది. తరవాత చూడటం మానేసింది.

మూడో ఓటు నాలుగో వార్డు మెంబరు రాయిస్ హేనీది. చెయ్యెత్తాడు, దించాడు, వాచీ చూసుకున్నాడు.

ఆ వార్డు తమదేనని బాటమ్ నల్లవాళ్ళు ఒకప్పుడు సంబరపడ్డారు. వార్డుల కొత్త మ్యాపులో బాటమ్‌ని రెండు ముక్కలు చేసి చెరో తెల్ల వార్డులో కలిపారు. పోనీలే, నాలుగోది మనకిచ్చారు గదా అనుకున్నారు. కాగితం మీద దాని జనాభా 1,283. నూటికి అరవై ఎనిమిది మంది నల్లవాళ్ళు. పాస్టర్ ఐజమ్ టేట్ ఆ అంకెని చర్చిలో రెండుసార్లు చదివాడు. అందరూ చేపలు వేయించుకు తిన్నారు. తరవాత పోటీకి నిలబెట్టడానికి ఆ వార్డులో ఉండే మనిషి కోసం వెతికారు. 1,283 మందిలో 1,186 మంది ఆ వార్డులోనే ఉన్న జైలు ఖైదీలు. వాళ్ళకి ఓటు లేదు. కంచె బయట ఉన్నది తొంభై ఏడుగురు. అందరూ తెల్లవాళ్ళే. హేనీ నలభై ఒక్క ఓట్లు తెచ్చుకుని గెలిచాడు.

మర్నాడు ఓజెల్లా జైలు వంటగదిలో చిక్కుడు గింజలు ఉడకేస్తోంది. గిన్నెలు తోమే హోసియా గ్రైమ్స్ పక్కకొచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు. పద్దెనిమిదేళ్ళుగా లోపల ఉన్నాడు.

“మూసేశారా ఓజెల్లమ్మా?”

“మూసేశారు. మీ మెంబరే చెయ్యెత్తాడు.”

“నాకో మెంబరున్నాడా!”

“ఉన్నాడు. నీ తలకాయ లెక్కలో వేసుకునే ఆ వార్డు కట్టారు.”

“పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ చూడ్డానికి రాలేదే. నా వంట నచ్చలేదేమో.”

“వంట నాది. నువ్వు తోమేవాడివి.”

హోసియా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నాలుగింటికి సైరన్ మోగింది. లెక్క వేళ. ఖైదీలంతా గోడవారన నిలబడి ఎవరి నంబరు వాళ్ళు చెప్పాలి. లెక్క తేలేదాకా భోజనం ఉండదు, ఎవరూ కదలకూడదు. తేలింది. హోసియా తిరిగొచ్చి గిన్నె అందుకున్నాడు.

“రోజుకి ఐదుసార్లు లెక్కపెడతారు మమ్మల్ని. ఆరోసారి ఎవడు లెక్కపెట్టుకున్నాడో ఇవాళ తెలిసింది.”

“బోర్డులో ఓ రూలుంది,” అంది ఓజెల్లా. “వార్డులో ఉంటూ మీటింగుకి రాలేనివాళ్ళు ఉత్తరం రాస్తే క్లర్కు దాన్ని పైకి చదవాలి. మంచాన పడ్డ ముసలి రైతుల కోసం పెట్టుకున్నారు.”

“మేమూ రాలేనివాళ్ళమేగా,” అన్నాడు హోసియా.

ఆదివారం చర్చిలో పాస్టర్ టేట్ ఒప్పుకోలేదు.

“ఖైదీల ఉత్తరాలు పట్టుకుని వెళ్తే మనల్నీ వాళ్ళ జట్టే అంటారు.”

“కాదా ఏంటి?” వెర్నీస్ బోల్డన్ లేచింది. కోళ్ళ ఫ్యాక్టరీలో పని ఆమెకి. “మా తమ్ముడు లోపలే ఉన్నాడు పాస్టరుగారూ. మీ మేనల్లుడూ అక్కడే ఉన్నాడు. వాళ్ళు మన జట్టు కాకపోతే మరెవరి జట్టు?”

“కోర్టుకెళ్దాం. అట్లాంటాలో లాయరున్నాడు.”

“లాయరొచ్చేలోపు మా అమ్మ గుండె ఆగుద్ది. జూన్ ఒకటో తారీకున బండి పోతోందయ్యా!”

చేతులెత్తమన్నారు. ఎనభై మూడు లేచాయి. పాస్టర్ తన చెయ్యి చివర ఎత్తాడు.

మే మొదటి వారంలో జైలు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. మే 7న వార్డెన్ ఓజెల్లాని పిలిచి బ్యాడ్జీ తీసుకుని పనిలోంచి తీసేశాడు. ఆమెకి పెన్షన్ రావడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

మే 12న మళ్ళీ మీటింగు. ఫ్యాక్టరీ వాళ్ళు పని మానేసి వచ్చారు. హాల్లో నూట అరవై మంది, మెట్ల మీద ఇంకొందరు. క్లర్కు బల్ల మీద మూడు డబ్బాల్లో 734 ఉత్తరాలు.

“వీటిని చదవనవసరం లేదు,” అన్నాడు ఛైర్మన్. “వీళ్ళు ఈ వార్డు వాళ్ళు కారు.”

ఓజెల్లా లేచింది. “మరెక్కడి వాళ్ళండీ?”

“శిక్ష తీరేదాకా ఉంటారు. అంతే.”

“అయితే లెక్కలోంచి తీసెయ్యండి. తొంభై ఏడుగురు మిగులుతారు. తొంభై ఏడుగురికి ఓ వార్డు, ఓ మెంబరు ఉంటే మా వీధికో మెంబరుని ఇవ్వండి.”

“రాయిస్ బాబూ, నీ జనం ఉత్తరాలు రాశారయ్యా, వినవా!” వెనకనుంచి ఎవరో అరిచారు. హేనీ వాచీ చూసుకున్నాడు.

కౌంటీ లాయరు ఛైర్మన్ చెవిలో ఏదో చెప్పాడు. ఛైర్మన్ హాలు ఖాళీ చెయ్యమన్నాడు. ఓజెల్లా బల్ల దగ్గరికి నడిచి పైనున్న ఉత్తరం తీసింది.

“నా పేరు హోసియా గ్రైమ్స్. నాలుగో వార్డు నివాసిని. మీరు నా మెంబరు. మాకు వండిపెట్టే ఆమె భర్త నలభై ఏడు నిమిషాలు వాకిట్లో పడి ఉన్నాడు. ఆ బండి తియ్యొద్దు.”

షెరీఫ్ ఆఫీసు పోలీసు డెప్యూటీ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. బాటమ్ పక్క ఊళ్ళో పెరిగినవాడే. “ఓజెల్లమ్మా, గొడవొద్దు, వచ్చెయ్యండి.”

“ఏమస్ నీకు సైకిల్ బాగుచేసిచ్చాడు, గుర్తుందా?”

“ఉందమ్మా.” బేడీలు వేశాడు.

రెండో ఉత్తరం వెర్నీస్ తీసింది. మూడోది పాస్టర్ టేట్. ఒకరిని తీసుకెళ్ళేసరికి ఇంకొకరు బల్ల దగ్గరున్నారు. పదకొండున్నరకి మీటింగు వాయిదా వేశారు. అప్పటికి అరెస్టయినవాళ్ళు ఇరవై ముగ్గురు. చదివినవి ఇరవై మూడు.

ఇరవై ముగ్గురినీ షెరీఫ్ ఆఫీసు లాకప్‌లో పెట్టారు. మధ్యాహ్నం బ్రెడ్డు ముక్కలిచ్చారు. ఓజెల్లా తింది. మణికట్టు నొప్పెడుతోందా అని వెర్నీస్ అడిగితే తెలీడం లేదంది.

నాలుగుంబావుకి బయట ఫోన్ మోగింది. జైలు నుంచి. మనుషుల్ని పంపమని అడిగారు. డెప్యూటీ విన్నది విన్నట్టే లాకప్‌లో వాళ్ళకి చెప్పాడు. నాలుగింటి లెక్కలో సి బ్లాకు 212 మంది తమ నంబర్లు చెప్పలేదు. ఒక్కొక్కరూ “నాలుగో వార్డు” అన్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అదే అన్నారు. ఐదింటికి బి బ్లాకు కూడా అదే చెప్పింది.

ఆరున్నరకి లెక్క ఇంకా తేలలేదు.