గంట దూరం

"గంటేనట వనజా," అన్నాడు రాజేందర్, సమ్మె శిబిరం నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండానే. "శంషాబాద్‌ల ఎక్కుడు, వైజాగుల దిగుడు. ఇంకో పది నిమిషాలేస్కో. రేపు పోతే ఎల్లుండి రాత్రి వంటకు ఇంట్ల ఉంటవు."

వనజ కూరకు గోకరకాయలు తుంచుతోంది. వైజాగులో నర్సుగా పనిచేసే చెల్లెలు సునందకు ఎల్లుండి పొద్దున ఆపరేషన్, గర్భసంచి తీసేస్తారు. పెళ్లి చేసుకోలేదు, పక్కన ఉండే మనిషి లేదు. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగారు, బస్సులు లేవు, రైళ్ల మీద నమ్మకం లేదు. అందుకే విమానం టికెట్ తీస్తానంది సునంద. బొగ్గుబావులూ మూతపడి రాజేందర్ ఇంటిపట్టునే ఉంటున్నాడు. సమ్మెలో లేనిది ఆ ఇంట్లో పొయ్యి ఒక్కటే. అతనికి టీ, శిబిరం నుంచి వెంటబెట్టుకొచ్చే దోస్తులకు మళ్లీ టీ.

చెడ్డవాడేం కాదు పాపం. తెలిసినవాళ్ల కారు మాట్లాడాడు, దారిలో ఎవరూ ఆపకుండా యూనియన్ అన్నతో చెప్పించాడు. భూపాలపల్లి నుంచి శంషాబాద్ దాకా పట్టే పూటంతా మాత్రం అతని లెక్కలోకి రాలేదు. అత్తకైతే ఈ ప్రయాణమే వింత. "ఆమెనే నర్సాయె. దవాఖాన్ల అందరు ఆమె తోటోళ్లే. నువ్వు పోయి ఏం జేస్తవ్ బిడ్డా?" అంది.

వనజకు దూరమంటే భయం లేదు. ఆమెకు అన్యాయం చేసింది దగ్గరన్న మాటే. అమ్మ రేగొండలో మంచం పట్టినప్పుడూ అందరూ ఇదే మాటన్నారు, దగ్గరే గదా, పొద్దున పోయి పొద్దుగూకేలోపు రావచ్చని. అట్లాగే పోయింది, అట్లాగే వచ్చింది. అమ్మ తల దువ్వుతూ బస్సు టైం చూసుకునేది. "ఈ రాత్రికి ఉండరాదు బిడ్డా," అని అమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. "ఇంట్ల వండలేదమ్మా," అని లేచి వచ్చేసింది. తెల్లారేసరికి కబురు. అమ్మ పక్కన ఒక్క రాత్రి పడుకోలేకపోయానే అని ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటుంది. సునంద అంత దూరంలో ఉద్యోగానికి కుదిరినప్పుడు, ఎప్పుడైనా పోతే నాలుగు రోజులుండి రావచ్చని లోలోపల సంబరపడింది కూడా. ఇప్పుడీ విమానం వైజాగునూ రేగొండ చేసి పెట్టిందని ఒళ్లు మండింది.

ఫోను మోగింది. సునందే.

"అక్కా, టికెట్ తీస్తున్న. తిరిగిపోయేది ఎప్పటికి తియ్యాలె?"

"ఎల్లుండికే తియ్యమను," అన్నాడు రాజేందర్ పక్క నుంచి.

వనజ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను గట్టిగా పట్టుకుంది. "తియ్యకే. నువ్వు లేచి, నీ అంతట నువ్వు తానం జేసినంక చూద్దాం."

అవతల సునంద ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

రాజేందర్‌ది కోపం కాదు, పరేషాన్. కింద కూర్చుని గోకరకాయల పళ్లెం తన వైపు లాక్కున్నాడు. నార తీయకుండానే ఒకటి తుంచాడు.

"గంట పోవుడుకు అన్ని రోజులెందుకే?" అని మెల్లగా అడిగాడు.

"పోవుడు గంటనే," అంది వనజ. "నేను ఉండనీకి పోతున్న."