దాటినంక ఇయ్యి

రెండు కొండల నడుమ నది తొలిచిన ఇరుకు లోయలో, ఒక్క పాదం మాత్రమే పట్టే రాతి అంచు మీద నేను నడుస్తున్నాను, చంకలో రిషిక ఉంది, దానికి ఆరేళ్ళు వచ్చినా ఇక్కడ నెలల పిల్లంత తేలికగా నా భుజం మీద తల వాల్చి ఉంది, మళ్ళీ చూస్తే కాళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఎండ తగులుతుందేమోనని కొంగు కప్పుతాను, ఊపిరాడదేమోనని తీసేస్తాను. పైన ఎర్రటి బండలు మీద పడడానికి ఒంగినట్టున్నాయి, కింద నీళ్ళు రాళ్ళను బాదుతున్నాయి. ముందూ వెనకా మనిషి జాడ లేదు గాని, "వస్తున్నం లింగమయ్యా" అంటూ జాతర జనం కేకలు మాత్రం లోయంతా తిరుగుతున్నాయి.

అంచు ఒకచోట తెగిపోయి ఉంది. ఆ చోటు నాకు తెలుసు. అవతల మా అక్క కూర్చుని ఉంది.

చనిపోయిన నాటి చీరలోనే ఉంది, తల ఒక పక్క పగిలి, జుట్టు నెత్తురుకి అట్టకట్టి ఉంది, అయినా తీరిగ్గా మామిడికాయ ముక్క కొరుక్కుంటోంది. అప్పుడు కూడా ఇలాగే పొద్దున్నే లింగమయ్య దర్శనానికని ఇంటిల్లిపాదీ నడిచి వచ్చాం, ఇక్కడే అక్క పసిదాన్ని నా చేతుల్లో పెట్టి, "పట్టుకో సువర్ణా, నేను దాటినంక ఇయ్యి" అంది, కాలు వేసిన రాయి ఊడింది, బిడ్డ నా చేతుల్లోనే ఉండిపోయింది. ఇంటర్ మధ్యలో మానేసి దాన్ని పెంచడానికి అక్క ఇంటికి వచ్చాను, ఆ తర్వాత పెద్దవాళ్ళు బావకే ఇచ్చి చేశారు, మాటలు రాగానే రిషిక నన్ను అమ్మా అంది. ఊహ తెలిసేదాకా దానికి చెప్పొద్దని అందరం అనుకున్నాం. ఊహ తెలిశాక కూడా వద్దంటున్నది నేను. అక్క పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అక్క లేచి చేతులు చాపుతుంది. "దాటిన. ఇగ ఇయ్యి."

ఇవ్వనంటాను. దానికి జలుబు చేసిందని, కొత్తవాళ్ళ దగ్గరికి పోదని, ఏవేవో చెప్తాను. అక్క నవ్వుతుంది, పళ్ళ సందుల్లోంచి ఇసుక రాలుతుంది. "నా మొగన్ని నువ్వే ఉంచుకో, వాని గురక నాకొద్దు. బిడ్డనియ్యి," అంటుంది, నాకూ నవ్వొస్తుంది, నవ్వుతూనే రాయి తీసి ఆమె ముఖాన కొడతాను.

ఆమె దూకదు, లోయ గోడలే దగ్గరికి జరిగి ఆమెను నా మీదికి తెస్తాయి. జుట్టు పట్టుకుని నా తల బండకేసి బాదుతుంది, నేను ఆమె చెంప చీరేస్తాను, గోళ్ళ కిందికి చర్మం తడిమట్టిలా వస్తుంది, చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నాం, ఆ దుప్పటిలాగే మధ్యలో రిషిక, ఒకసారి దాని చెయ్యి నా చేతిలో, ఒకసారి దాని కాలు ఆమె చేతిలో. ఎంత కొట్టినా అక్కకు నొప్పి లేదు. నాకే ఉంది.

"నువ్వు సచ్చిపోయినవక్కా. దాన్ని గూడ తీస్కపోతవా?"

ఆమె చెయ్యి ఆగుతుంది. "తీస్కపోనీకి రాలే. నేనెవరో దానికి చెప్పు."

"చెప్తే రేపటినుంచి నన్నేమని పిలుస్తది?"

అక్క ఇంకా కోపంగా నన్ను వెల్లకిలా తోసి గుండెల మీద మోకాలు మోపుతుంది. "సచ్చినంక పేరు గూడ సావాల్నానే? మింగినవ్ గదా, నోరు తెరువు," అంటుంది, దవడలు విడదీసి చెయ్యి లోపలికి పెడుతుంది, మణికట్టు దాకా, మోచేతి దాకా, బావిలో పడ్డ చేద కోసం వెతికినట్టు నా పక్కటెముకల్లో తడుముతుంది. కొరుకుతాను. వేళ్ళు పటపటా విరుగుతాయి, నోరంతా నెత్తురు, ఆమెదో నాదో తెలియదు, అయినా తీయదు.

ఆమె భుజం మీదుగా చూస్తే రిషిక కనిపిస్తుంది. మా ఇద్దరి చేతుల్లోనూ లేదు. అంచు తెగినచోట, బడికి పోయే బట్టల్లో, ఒంటరిగా నిలబడి మమ్మల్ని చూస్తోంది, దాని కాలి కింద రాయి కదులుతోంది.

నాకు అందదు. అక్కకు అందుతుంది. ఆమె చేతిని నోట్లోంచి లాగి పారేసి "అక్కా" అంటాను, తిరగదు, ఇన్నేళ్ళూ నీళ్ళు నిండిన చెవులు, మళ్ళీ "అక్కా" అంటాను, ఆ మాట లోయలో ఎవరెవరి అక్కలనో వెతుక్కుంటూ పోతుంది, రాయి సగం ఊడింది, పైనుంచి ఎర్ర బండలు విరిగి మా చుట్టూ పిడుగుల్లా పడుతున్నాయి, నేను గొంతు చీలేలా అరుస్తాను.

"నిరంజనక్కా, పట్టుకో."

అక్క తిరుగుతుంది.

నా కేకకే నాకు మెలకువ వచ్చింది. తెల్లవారింది. కిటికీలోంచి పాల బండి హారన్ వినబడుతోంది. పక్కన రిషిక జుట్టంతా చెదిరి, మంచం మీద లేచి కూర్చుని ఉంది. భయపడలేదు. నన్నే చూస్తోంది.

"అమ్మా, నిరంజనక్క ఎవరు?"

ఆ పేరు దాని నోట నేను వినడం అదే మొదలు. అది నా చేతి మీద తట్టి మళ్ళీ అడిగింది.

"ఆమె ఏం పట్టుకోవాలె?"

"నిన్ను," అన్నాను.