తొమ్మిది నిమిషాల గొలుసు

బండి పోయిందనడం సరికాదు. నూట అరవై అంగల దూరం వెళ్లి ఆగింది.

ఆమె ఇంటింటికీ తిరిగి రక్తం నమూనాలు తీసే ఉద్యోగి. పొద్దున ఆరింటికల్లా మొదటి ఇంట్లో ఉంటుంది. రోజుకు పద్నాలుగు ఇళ్లు. ఒక్కో ఇంట్లో నాలుగు నిమిషాలు, నరం దొరక్కపోతే ఆరు. నమూనాలన్నీ పదింటికల్లా ల్యాబుకు చేరాలి. ఆ రోజు పదకొండో ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి గోడ పక్కన బండి లేదు. వీధి మలుపులో ఒక కరెంటు స్తంభానికి ఆనించి ఉంది. హ్యాండిల్ లాక్ విరిగింది. నమూనాల పెట్టె చేతిలో ఉండబట్టి బతికిపోయింది.

బండి అక్కడే ఎందుకు ఆగిందో ఆమెకు చూడగానే తెలిసింది. పన్నెండేళ్ల కిందట మామయ్య ఆ బండి పెట్రోలు కుళాయిని విప్పి, కడిగి, తలకిందులుగా బిగించాడు. అప్పటినుంచి ఆ బండికి ఆన్ అంటే ఆఫ్, ఆఫ్ అంటే ఆన్. దొంగ వైర్లు కలిపాడు. కుళాయి ఆన్ మీదే ఉంది కాబట్టి తిప్పలేదు. కార్బురేటర్‌లో మిగిలిన చుక్కలు నూట అరవై అంగలకు సరిపోయాయి.

బండిని బాగుచేయించి ల్యాబుకు చేరేసరికి పదిన్నర దాటింది. మూడు నమూనాలు పనికిరాకుండా పోయాయి. ముగ్గురికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది.

"ఇంకొక్కసారి బండి సాకు చెప్పావంటే రూటు వేరేవాళ్లకి ఇచ్చేస్తా. నువ్వు కౌంటర్లో కూర్చుందువుగాని," అన్నాడు మేనేజరు.

కౌంటర్ ఆమెకు కొత్త కాదు. రూటు రాకముందు మూడేళ్లు అక్కడే కూర్చుంది. ఆ మూడేళ్లలో ఆమె మనుషులతో మాట్లాడిందల్లా పేరేంటి, వయసెంత, ఏమీ తినకుండానే వచ్చారా అని. పేరెంత అని పొరపాటున అడిగినా ఎవరూ నవ్వేవారు కాదు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పింది.

"ఆ కుళాయి సరిచేయించండి, సరిచేయించండి అని పన్నెండేళ్లుగా మొత్తుకుంటున్నాను," అంది అత్తయ్య.

"సరిచేయిస్తే బండి ఈపాటికి ఏ ఊళ్లో తిరుగుతూ ఉండేదో!" అన్నాడు మామయ్య.

"అయితే ఇప్పుడు మీకు సన్మానం చెయ్యాలా?"

మామయ్య నలభై ఏళ్లు తాళాలు బాగుచేశాడు. తలుపు వేసుకుపోయి బయట ఇరుక్కున్నవాళ్లు కబురు పెడితే ఆ బండి మీదే వెళ్లేవాడు. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. పనిముట్లు బిస్కట్ల డబ్బాలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు. బండి కోడలికి ఇచ్చాడు. కొడుక్కి బండంటే భయం. వాడు బస్సు మనిషి.

"రేపు నీకు సెలవేగా? గొలుసు కొందాం. నేనూ వస్తా," అన్నాడు.

కొట్టాయన ఒకప్పుడు మామయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. గొలుసులన్నీ ఒక ఇనుప కడ్డీకి వరసగా వేలాడదీశాడు.

"ఇందులో ఏది మంచిదండీ?" అని కోడలు అడిగింది.

"అన్నీ మంచివే చెల్లెమ్మా."

"అన్నీ మంచివైతే ఇన్ని రకాలెందుకురా?" అన్నాడు మామయ్య. "గొలుసులు తర్వాత. తాళాలు ఇటు తే."

ఆరు తాళాలు బల్ల మీద పెట్టించాడు. జేబులోంచి రెండు తీగముక్కలు తీశాడు. మొదటి తాళం రంధ్రం దగ్గర పెట్టాడు. తీగ రంధ్రం చుట్టూ గీసుకుంటూ తిరిగింది, లోపలికి వెళ్లలేదు. మళ్లీ పెట్టాడు. కొట్టాయన అటు తిరిగి మేకుల డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

కోడలు మామయ్య చేతిలోంచి తీగలు తీసుకుంది.

"ఎక్కడ పెట్టాలో మీరు చెప్పండి."

"లోపలికి తొంగిచూడకు. కళ్లతో పనిలేదు. వేలికి తగులుతుంది."

"నరం కూడా అంతే మామయ్యా. పైకి కనిపించేది జారిపోతుంది. కనిపించనిది వేలికి తెలుస్తుంది."

"అంతేనా?" అన్నాడు మామయ్య. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఈ మాట వాళ్ల మధ్య ఎప్పుడూ రాలేదు.

లోపలి సీలలు ఒక్కొక్కటే పడే చప్పుడు కోసం ఆయన బల్ల మీదికి వంగి చెవిని తాళానికి ఆనించాడు. పనిచేసిన రోజుల్లోనూ అంతే, చూపుకన్నా చెవినే నమ్మేవాడు. "ఒకటి పడింది. ఆగు. నెమ్మదిగా. రెండు," అంటూ పోయాడు. రెండు నిమిషాల్లో తాళం ఊడివచ్చింది. తాళం కొందామని వచ్చిన ఒకాయన చేతిలోది బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

"గురువుగారూ, నా పొట్ట కొట్టకండి," అన్నాడు కొట్టాయన. "మీ పరీక్షలేవో లోపల కూర్చుని పెట్టుకోండి."

లోపల మూటల మీద కూర్చుని మిగతావి చూశారు. మూడు నిమిషాలు, మూడున్నర, నాలుగు, తొమ్మిది. ఆరోది అరగంట దాటినా రాలేదు. మామయ్య మొహం వెలిగింది.

"ఇదీ తాళమంటే," అన్నాడు.

దానికి తగ్గ గొలుసు నాలుగు కిలోలు. కోడలు అడిగినా ఇవ్వకుండా భుజాన వేసుకుని ఇంటిదాకా ఆయనే మోశాడు.

సాయంత్రం ఇంటి ముందు రిహార్సల్. మామయ్య గడియారం పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కోడలు బండి ఆపి, స్టాండు వేసి, చక్రంలోంచి గొలుసు దూర్చబోయింది. దూరలేదు. పుల్ల అడ్డమొచ్చింది. బండిని ముందుకు జరిపింది. ఈసారి చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు అడ్డమొచ్చింది. వెనక్కి జరిపింది. మామయ్య జీవితమంతా తలుపులకే తాళాలు చూసిన మనిషి. తలుపుకి గొళ్లెం రోజూ ఒకచోటే ఉంటుంది. చక్రం ఎక్కడ ఆగితే పుల్లలు అక్కడుంటాయన్నది ఆయన లెక్కలోకి రాలేదు. కొట్లో బండి కొలత ఎవరూ అడగనూ లేదు.

వెయ్యడానికి నిమిషన్నర. తియ్యడానికి నిమిషం.

"పద్నాలుగు ఇళ్లకి ముప్పయ్యయిదు నిమిషాలు," అన్నాడు మామయ్య. "పదింటికి అందుతావా?"

"అందుతాను."

"ఎలా?"

కోడలు గొలుసు మడిచి పక్కన పెట్టింది.

"ఎలాగేముంది?" అంది గుమ్మంలోంచి అత్తయ్య. "ఇప్పుడే వచ్చేస్తాను కదా అని కొన్నిచోట్ల వెయ్యదు. పాలు పొయ్యి మీద పెట్టి నేను పక్కింటికి వెళ్లట్లేదూ?"

"నువ్వు వెళ్లినప్పుడల్లా పొంగాయి."

"అదే కదా నేను చెప్పేది."

మామయ్య టీ తాగాడు. ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"ఒక్కో ఇంట్లో ఎంతసేపుంటావన్నావు?"

"నాలుగు నిమిషాలు. మహా అయితే ఆరు."

"అయితే ఇది ఇచ్చేసి ఆ తొమ్మిది నిమిషాలది తెచ్చుకుందాం."

"విడ్డూరం కాకపోతే, ఊడొస్తుందని తెలిసి తెలిసి కొంటారా?" అంది అత్తయ్య.

"ఊడిరాని తాళం లేదే. ఎంతసేపట్లో అన్నదే తేడా. ఇది వాకిట్లో పడుండే తాళం. అది కోడలితోపాటు తిరిగే తాళం."

మర్నాడు కొట్టాయన మాత్రం ఊరుకోలేదు. "నిన్న ఫెయిల్ చేసినదాన్ని ఇవాళ పాస్ చేశారేంటి గురువుగారూ?"

"ప్రశ్న నేనే తప్పడిగానురా," అన్నాడు మామయ్య.

ఈసారి బండిని కొట్టు ముందే ఆపి, చక్రాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాకే తీసుకున్నారు. కిలోన్నర బరువు, పైన గుడ్డ తొడుగు. ఆమె నడుముకి చుట్టుకుంటే బెల్టులా ఆగింది. తాళం నొక్కితే పడిపోతుంది, తియ్యడానికే తాళంచెవి కావాలి. వెయ్యడం పది సెకన్లు, తియ్యడం పదిహేను. పద్దెనిమిది రోజులు ప్రతి ఇంటి ముందూ వేసింది. రోజూ పావుతక్కువ పదికల్లా ల్యాబులో ఉంది.

సాయంత్రాలు ఆ తాళం మామయ్యది. దుమ్ము తుడిచేవాడు. సాఫీగా తిరగడానికి పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి లోపల వేసేవాడు. తిప్పి వినేవాడు.

"కోడలికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇన్నిసార్లు చెయ్యి పట్టి చూడలేదు," అనేది అత్తయ్య.

పంతొమ్మిదో రోజు మొదటి ఇల్లు ఒక దర్జీది. ఆమె ఆయనకు రక్తం తీసి, మోచేతి మడతలో దూది పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పి బయటికి వచ్చింది. రింగులో బండి కీ ఉంది. గొలుసు కీ లేదు. సంచి వెతికింది. టైము ఆరూ పది. ఇంకా పదమూడు ఇళ్లున్నాయి. ఇంటికి ఫోన్ చేసింది.

మామయ్య కొక్కేనికి తగిలించిన చొక్కా తడిమాడు. బాగుచేసే తాళం తాలూకు కీ పోకుండా పైజేబులో వేసుకోవడం ఆయనకు పని నేర్చుకున్నప్పటి అలవాటు. రాత్రి అన్నానికి పిలుపొచ్చినప్పుడు అలాగే వేసుకున్నాడు.

"నా దగ్గరే ఉండిపోయిందమ్మా," అన్నాడు. మొదటి బస్సు ఏడింటికి. ఇంట్లో ఇంకో బండి లేదు.

"మామయ్యా, నా దగ్గర రెండు జడపిన్నులున్నాయి," అంది ఆమె.

"ఫోన్ తాళానికి ఆనించు," అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "ఏమేవ్, ఫ్యాన్ ఆపు. కుళాయి కట్టెయ్."

ఫోన్ పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. దర్జీ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"బండి నీదేనా అమ్మా?"

"నాదేనండీ."

"మరి పిన్నులెందుకు?"

"కీ ఇంట్లో ఉండిపోయింది."

"దొంగలందరూ అదే చెప్తారు."

"ఇప్పుడే కదండీ మీ రక్తం తీశాను!"

"అందుకే అడుగుతున్నా."

అయినా వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. దూది పడిపోకుండా మోచెయ్యి మడిచి, రెండో చేత్తో ఫోన్ తాళానికి ఆనించి పట్టుకున్నాడు. ఫోన్లోంచి మామయ్య గొంతు వచ్చింది. "ఒకటి పడింది. నొక్కకు. వదులు, ఇంకా వదులు. ఆఁ, రెండు." దర్జీ ఊపిరి బిగబట్టాడు. మూడోది ఒకసారి జారింది. మళ్లీ మొదటికి వచ్చారు. నాలుగోది పడ్డాక తాళం ఊడి ఆమె ఒళ్లో పడింది.

"వచ్చేసింది!" అని అరిచాడు దర్జీ.

ఆ రోజు ఆమె ల్యాబులో పెట్టె దించేసరికి తొమ్మిదీ యాభై రెండు. మేనేజరు గడియారం చూసి పెట్టె లోపలికి పంపించాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మామయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడని అత్తయ్య చెప్పింది. గొలుసు కీ ఆయన గుప్పిట్లో ఉంది.

"అందాయా?"

"అందాయి. ఎనిమిది నిమిషాలు ముందే."

ఆయన తల ఊపాడు. కీ ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని రింగులో వేసింది. ఇకమీద అది రింగులోంచి తియ్యకూడదు, తాళం తుడవాలంటే రింగు మొత్తం తీసుకోవాలి అంది. ఆయన సరేనన్నాడు.

"తాళం రావడానికి ఎంతసేపు పట్టింది?"

"అయిదు నిమిషాలు."

"అయిదే?" మామయ్య లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఎక్కడికి మామయ్యా?"

"కొట్టుకి. నువ్వు లోపలుండేది ఆరు. అయిదు నిమిషాల్లో ఊడొచ్చే గొలుసు నీకెందుకు?"

"ఊళ్లో దొంగలందరికీ మీరు ఫోన్లో చెప్తారా ఏంటి?" అంది అత్తయ్య.

మామయ్య ఒక కాలు చెప్పులో, ఒక కాలు నేల మీద పెట్టి ఆలోచించాడు. అదీ నిజమేననిపించినట్టుంది. చెప్పు విడిచి లోపలికి వెళ్లాడు. బీరువా మీంచి బిస్కట్ల డబ్బా దించాడు. మూత బిగుసుకుపోయింది. వణికే చేతులతో రెండుసార్లు ప్రయత్నించి కోడలికి అందించాడు.

"నువ్వు తియ్యి," అన్నాడు. "అయిదు ఎందుకు పట్టిందో తెలుసా? మూడోదాని దగ్గర తొందరపడ్డావు. వినిపించింది."