పోసిన చెయ్యి

కోర్టు వరండాలో ముప్ఫైమంది మగాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. అందరూ తడి తలలు దువ్వుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, ఉద్యోగం కోసం వచ్చినంత బుద్ధిగా ఉన్నారు. తాగి బండి నడిపిన కేసులవాళ్ళంతా ఇటు రండని బంట్రోతు కేకేస్తే మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఎవరికి వాళ్ళు, ఆ పిలుపు పక్కవాడికనుకున్నారు.

వరసలో చివరివాడు సెప్టిక్ ట్యాంకరు డ్రైవరు. ట్యాంకర్లు నిలిపే యార్డులో అతన్ని స్టీరింగు అంటారు. పక్కన అతని భార్య. ఆమె బట్టలు కుట్టే కొట్లో ఇవాళ్టి కూలి ఎగిరిపోయినట్టే. పొద్దుటి నుంచీ కాళ్ళు పీకుతున్నా కూర్చునే దారి లేదు. వరండాలో ఉన్న ఒక్క బల్ల మీదా ఫైళ్ళు కూర్చున్నాయి.

ట్యాంకర్ల కాంట్రాక్టరు పంపిన వకీలు, యార్డు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. తనకి ఫీజు అక్కర్లేదన్నాడు. జరిమానా కాంట్రాక్టరే కడతాడట. జడ్జిగారు అడగ్గానే తప్పయిపోయిందని తల వంచితే చాలట. ఒప్పుకుంటే పావుగంట పని, లేదంటే ఏళ్ళ తరబడి వాయిదాలు, ఓడితే జైలు. ఊదిన మిషను అబద్ధమాడదు కదా అని నవ్వాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారమ్మా పెద్దలు," అని కూడా అన్నాడు. అడుసు తొక్కడమే ఉద్యోగమైనవాళ్ళ సంగతి ఆ పెద్దలకి తట్టినట్టు లేదు.

జీతం ఆలస్యమైందేమని అడిగితే ఫోనెత్తని కాంట్రాక్టరు, ఇవాళ నల్లకోటు మనిషిని ఉచితంగా పంపాడు. లోకంలో ఉచితంగా వచ్చేది జలుబొక్కటేనని ఆమె నమ్మకం.

జరిగింది ఇది. పోయిన వారం ఒక మేడ వెనక ట్యాంకు తోడుతుంటే, అడుగున గట్టిపడ్డ మడ్డిని గొట్టం లాగలేకపోయింది. అప్పుడు మనిషి దిగాలి. మనిషిని దింపడం నేరమని ట్యాంకరు వెనక పెద్దక్షరాలతో రాయించి ఉంది. దిగేవాడు ఆ పూట రాలేదు. మేస్త్రీ స్టీరింగుని పిలిచి చేతిలో క్వార్టరు సీసా పెట్టాడు. యార్డులో అది పద్ధతి. తాడు, బకెట్టు ఇచ్చినట్టే సీసా కూడా ఇస్తారు. ముక్కుకి ముసుగు కొనిచ్చే కంటే ముక్కునే చంపెయ్యడం చవక. అతను తాగాడు, దిగాడు, మడ్డంతా తోడాడు. పైకొచ్చి చేతులు కడుక్కునేలోపే, ట్యాంకరు ఖాళీ చేసి రమ్మని మేస్త్రీ తాళం విసిరాడు. రెండు వీధులు దాటాక పోలీసులు ఆపి ఊదమన్నారు.

ఆ మలుపులో బడి ఉంది. అది బడి వదిలే వేళ. ఓ పిల్లో పిల్లాడో అడ్డమొస్తే ఏం చేసేవాడివని ఆ రాత్రి ఆమె అడిగింది. రెండ్రోజులు అతనికి కంచం పెట్టింది గానీ మాట కలపలేదు.

ఇప్పుడు వకీలునే అడిగింది.

"లైసెన్సు సంగతేంటి సార్?"

"ఆర్నెల్లు పక్కన పెడతారు. అంతేగా."

"ఆ ఆర్నెల్లు మేమేం తినాలి?"

వకీలు ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు: "పనెక్కడికీ పోదమ్మా. ఆయన మాటిచ్చారు. లోపలికి దిగడానికి లైసెన్సెందుకు చెప్పు?"

మేస్త్రీ పక్కకి తిరిగి గోడమీది గడియారం చూడసాగాడు.

రెండేళ్ళ కిందట ఆమె తమ్ముడు అలాగే దిగాడు. తాడు కట్టి శవాన్ని లాగారు. ఒంట్లో మేస్త్రీ పోసిన మందే ఉంది. తాగి కాలుజారి పడ్డాడని రాసుకున్నారు. తాగి చచ్చినవాడికి పరిహారం రాదన్నారు. అప్పుడూ ఎవరో నల్లకోటాయన ఉచితంగానే వచ్చాడు. ఆ నెలలోనే ఆమె మొగుడి వెంటపడి డ్రైవింగు నేర్పించింది. జేబులో ఆ లైసెన్సు కార్డున్నా పోయిన వారం దింపారు. అది కూడా పోతే ఇక అతను పైనుండే రోజంటూ ఉండదు.

మంచినీళ్ళ వంక పెట్టి మెట్లకిందికి వెళ్ళింది. అక్కడ చిన్న బల్ల, దాని వెనక ఓ లాయరమ్మ. పైన ఉచిత న్యాయ సలహా అని బోర్డు. మళ్ళీ ఉచితమా అని ఆమె జంకింది. దీనికి ప్రభుత్వం జీతమిస్తుందని విన్నాక కాస్త నమ్మింది. జరిగిందంతా చెప్పింది.

లాయరమ్మ ఆశలు పెట్టలేదు. తాగలేదని అబద్ధమాడొద్దంది. నేరం ఒప్పుకోను, విచారణ కావాలి, వేరే వకీలుని ఇవ్వండి అని అడగమంది. తాగాడని తెలిసీ బండెక్కించినవాడిని కూడా చట్టం అడగొచ్చంది. విచారణంటూ మొదలైతే ట్యాంకులోకి మనిషిని దింపిన సంగతి బయటపడుతుంది, మీ కాంట్రాక్టరు భయమదే అంది.

"గెలుస్తామని చెప్పనమ్మా. శిక్ష పడొచ్చు కూడా. ఉద్యోగం మాత్రం ఈ సాయంత్రమే పోతుంది."

ఆమె మొగుడి దగ్గరికొచ్చి అదంతా చెవిలో చెప్పింది. అతను మేస్త్రీ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆయన ఉప్పు తింటున్నాం కదే."

"మా తమ్ముడూ తిన్నాడు. అరిగిందా? నీ తప్పు లేదని నేననను. ఆ బడి పిల్లలకి నువ్వే జవాబు చెప్పుకో. నీ వాటా నువ్వు మొయ్యి. ఆయన వాటా కూడా మొయ్యడానికి జీతమేమైనా పెంచాడా?"

లోపల్నుంచి పిలుపొచ్చింది.

జడ్జిగారు తలెత్తకుండానే పని కానిస్తున్నారు. ఒప్పుకుంటున్నావా అని ప్రశ్న, ఒప్పుకుంటున్నానని జవాబు, టపీమని ముద్ర. పప్పు రుబ్బినట్టు సాగిపోతోంది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. మేస్త్రీ ఆమెను దాటుకుని లోపలికెళ్ళి వెనక గోడ పక్కన చేతులు కట్టుకున్నాడు.

స్టీరింగు వంతు వచ్చింది. ప్రశ్న పూర్తికాకముందే వకీలు, ఒప్పుకుంటున్నాడని అనేశాడు.

"అతన్ని చెప్పనివ్వండి," అన్నారు జడ్జిగారు, అప్పటికీ తలెత్తకుండానే.

స్టీరింగు వకీలు పక్కనుంచి ఓ అడుగు దూరం జరిగాడు.

"తాగాను సార్. నేరం మాత్రం ఒప్పుకోను. విచారణ కావాలి. నాకు వేరే వకీలు కావాలి."

ముద్ర కొట్టే గుమాస్తా చెయ్యి గాల్లో ఆగిపోయింది. జడ్జిగారు తలెత్తారు.

"వేరే వకీలా? మరి ఈయనెవరు?"

"పోసినవాళ్ళ వకీలు సార్."

వకీలు ఏదో చెప్పబోతే జడ్జిగారు చెయ్యెత్తి వారించారు. కళ్ళజోడు సర్దుకుని స్టీరింగుని మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు.

"ఎవరు పోశారు?"

వెనక గోడ పక్కన చెప్పుల చప్పుడైంది. మేస్త్రీ ఫోను చెవికి పెట్టుకుని, తల దించుకుని, గబగబా తలుపు వైపు నడిచాడు. ఆమెకు ఎదురుగా వచ్చి ఆగాడు.

"జరుగమ్మా," అన్నాడు.

ఆమె గుమ్మంలోంచి జరగలేదు.