గడువు దాటిన గుడ్లు

గోరువెచ్చటి నీళ్లు పోసిన టబ్బును దర్జీ భార్య తెచ్చి కత్తిరింపు బల్ల చివర పెట్టింది. ఆ ఇంట్లో వెలుతురు సరిగ్గా పడే చోటు అదొక్కటే. దర్జీ బల్ల రెండో చివరకు ఆనించి ఉన్న మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నాడు.

ఎలక్ట్రీషియన్ పని చేసే బావమరిది సాయంత్రం వస్తానన్నాడు. గుడ్లను వెచ్చగా ఉంచడానికి బల్బు బిగించిన చెక్కపెట్టె అతనిదే. ఇంకెవరో అడుగుతున్నారట. గుడ్లలో ప్రాణం ఉంటే పెట్టె ఇక్కడే ఉంచుకోమన్నాడు, లేకపోతే అవి కుళ్లి పగిలేలోపు పాతిపెట్టమన్నాడు. పిల్లలు బయటికి రావాల్సిన రోజు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది.

అవి మేనేజరు పెట్టిన గుడ్లు. మేనేజరంటే వాళ్ల కోడిపెట్ట. మిషను గదంతా తిరిగి, కింద పడ్డ గుడ్డముక్కల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, పని ఏదీ నచ్చనట్టు మెడ విదిల్చి వెళ్లేది. గుడ్లు పొదుగుతుండగా దాన్ని కుక్క ఎత్తుకుపోయింది. పెరటి తలుపు ఎవరు తీసి ఉంచారని భార్య అడగలేదు, భర్తా అడగలేదు. అడగని ఆ మాట ఇంట్లో పెద్ద సామానులా ఉండిపోయింది. ఇద్దరూ దానికి తగలకుండా పక్కనుంచి నడుస్తున్నారు. ఆమె ఏడవలేదు. గుడ్లను కొంగులో వేసుకుని తమ్ముడికి ఫోను చేసింది, అంతే.

పొద్దున్న టార్చి వేసి చూశారు. లోపలంతా నలుపే. అది బతికిన నలుపో చచ్చిన నలుపో టార్చి చెప్పలేదు. తర్వాత ఆమె ఒక్కో గుడ్డునూ చెవికి ఆనించుకుని విని, అతనికీ ఇచ్చింది. అతనికి వినిపించింది తన చెవిలోని నెత్తురే. అయినా ఏదో వినిపిస్తోందన్నాడు. అది పూర్తిగా అబద్ధమని అతనికి అనిపించలేదు.

ఇక మిగిలింది నీళ్లు. పెంకు మీద సన్నటి పగులున్నా లోపలికి నీళ్లు పోతాయని ఆమె ఐదింటినీ కిటికీ దగ్గర తిప్పి చూసి, ఒక్కొక్కటే టబ్బులో వదిలింది. తేలాయి. బతికున్నది దానంతటదే ఊగుతుందని తమ్ముడు చెప్పాడు.

"అన్నీ ఊగుతున్నాయండీ," అందామె.

అతను చూద్దామని పెడలు మీద కాలు ఆపాడు. గుడ్లు ఆగాయి. మళ్లీ తొక్కాడు. ఊగాయి. ఆమె అప్పటికే పెట్టెలో బల్బు సరిచూడటానికి అటు తిరిగింది.

అంచు కుట్టడం అయిపోయింది. అతను ప్యాంటు తీసి పక్కన పెట్టి, తొక్కుతూనే ఉన్నాడు. నోటితో చెప్తే అబద్ధమవుతుంది, కాలితో తొక్కితే దాన్నేమనాలో అతనికి తెలియలేదు. ఇది ఆమె మీద జాలా, పెరటి తలుపా? కుట్టును లోపలివైపు నుంచి చూసినట్టు తన మనసును తిప్పి చూసుకున్నాడు. రెండు దారాలూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఏదో తేలలేదు. ఎప్పటికో వాసన రాకమానదు. బహుశా ఆ సంగతి తన నోటి నుంచి కాక వాసన నుంచి తెలియాలని తను కోరుకుంటున్నాడేమో.

బావమరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంటి బావా, గుడ్లకి చొక్కాలు కుడుతున్నావా?"

ఎవరూ నవ్వలేదు. భార్య తల ఎత్తకుండానే అంది, "కింద బట్ట లేదు. ఉత్తి మిషను తొక్కుతున్నారు."

బట్ట ఉంటే సూది చప్పుడు మెత్తగా ఉంటుంది, లేకపోతే పొడిగా ఉంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ తేడా ప్రత్యేకంగా నేర్చుకున్నది కాదు, చెవికి అదే పట్టుబడింది.

"ఎంతసేపట్నుంచి?" అంది.

"అంచు అయిపోయినప్పట్నుంచి."

ఆమె నీళ్ల వైపు చూసింది, బల్ల వైపు చూసింది, అతని కాలి వైపు చూసింది.

"ఆపండి."

అతను ఆపాడు. నీళ్లు కాసేపు వణికి సర్దుకున్నాయి. కిటికీ చువ్వల నీడ వాటిలో తిన్నగా నిలబడింది. ఐదు గుడ్లూ ఉన్నచోటే ఉన్నాయి. నీళ్లు చల్లారిపోతున్నాయి, తీసెయ్యమన్నాడు తమ్ముడు.

"ఉండరా."

అంచున ఉన్న గుడ్డు కొంచెం ఒరిగింది. దాని చుట్టూ సన్నటి అల ఒకటి బయలుదేరి టబ్బు గోడకు తగిలింది. కాసేపటికి మళ్లీ ఒరిగింది. మిగతా నాలుగూ కదలలేదు. ఆమె ఆ ఒక్కదాన్ని తీసి, మెత్తటి గుడ్డముక్కతో అద్ది, పెట్టెలో పెట్టింది. తిరిగి వచ్చి నాలుగింటి ముందు నిలబడింది. అవి కదలవని తెలిశాక కూడా చాలాసేపు నిలబడింది.

పెట్టె కోసం అడిగినవాళ్లకు తనే ఏదో చెప్పుకుంటానని తమ్ముడు వెళ్లిపోయాడు.

నాలుగు గుడ్లనూ ఆమె అతని చేతుల్లో పెట్టింది.

"లోతుగా తవ్వండి. వచ్చేటప్పుడు తలుపు గడియ పెట్టండి."

ఆ గొంతులో ఏముందో అతను వెతికాడు. మామూలుగానే ఉంది. నాలుగింటినీ పెరట్లో పాతిపెట్టి, లోపలికి వచ్చి గడియ పెట్టాడు. తర్వాత మిషనును బల్ల నుంచి జానెడు దూరం లాగి, ఇంకో ప్యాంటు అందుకున్నాడు.