దేవకమ్మ జాన

స్టీలు కొలబద్దను పాలట్యాంకులోకి నిలువునా దించి, పైకి తీసి చూసింది దేవకమ్మ. తొంభై రెండు సెంటీమీటర్లు. గోడమీది కొలతల పట్టీ వైపు చూడకుండానే, "ఎనభైన్నర క్యాన్లు. మూడువేల రెండొందల ఇరవై లీటర్లు" అనింది.

చిత్తూరు పక్కన ఆ పాలకేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఆమె చెప్పిందే లెక్క. పొట్టి మనిషి, చింతబరికల్లాంటి చేతులు, ఎగదోపిన చీర. చదివింది ఐదో తరగతి. ఈ ట్యాంకును పాతదిగా కొని తెచ్చినప్పుడు కొలతల పట్టీ రాలేదు. దేవకమ్మ ఊరుకుంటుందా? నలభై లీటర్ల క్యాన్లతో నూట ఇరవై ఐదు సార్లు నీళ్లు పోసి, పోసిన ప్రతిసారీ బద్ద ముంచి, రెండు రోజుల్లో పట్టీ తానే రాసేసింది.

ఈ పూటతో ఆమె కొలువు ముగుస్తుంది. ఇవాళే తిరుపతి నుంచి కంప్యూటరు పనిచేసే అమ్మాయి పల్లవి, పాలు లెక్కగట్టే కొత్త ప్రోగ్రాం పట్టుకొచ్చింది. ట్యాంకు పడుకోబెట్టిన డ్రమ్ము కదా, అడుగున అంగుళానికి పట్టే పాలు వేరు, నడుమ పట్టేవి వేరు. అందుకని ఎత్తు చెబితే, గుండ్రంలో పాలమట్టం చేసే కోణాన్ని డేటాబేసే విలోమ కొసైన్ అనే సూత్రంతో పట్టి లీటర్లు తేలుస్తుంది. పల్లవి తొంభై రెండు కొట్టింది. రెండువేల తొమ్మిదొందల యాభై నాలుగు అని వచ్చింది.

మేనేజరు యోగానంద ముఖం మారిపోయింది. "రెండొందల అరవై ఆరు లీటర్లు తేడా! ఇన్నేండ్లూ లేని పాలు రాసినావా దేవకమ్మా?"

వచ్చే క్యాన్లు లెక్కపెట్టేదీ ఆమే. పోయే ట్యాంకర్లో నాలుగు కేంద్రాల పాలూ కలిసిపోతాయి. ఇంక సాక్ష్యం ఎవరు చెప్పాలి? పోయే పూట దొంగ అనిపించుకుని పోవాలా! దేవకమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"నీ లెక్కలో ట్యాంకు ఎట్లుండాది పాపా? గీసి సూపించు."

పల్లవి రెండు చివర్లూ చదునుగా ఉన్న డ్రమ్ము గీసింది.

"అదీ సంగతి! బయట సదునుగా ఉండే రేకు తాపడం సూసి గీసినావు. దినామూ లోపలికి దిగి కడిగేది నేను. రెండు తట్లా బాన కడుపు మాదిరి ఉబ్బుండాది."

"ఎంత ఉబ్బు పెద్దమ్మా?"

దేవకమ్మ బొటనవేలూ చిటికెనవేలూ చాచింది. "నా జానెడు."

పల్లవి టేపు తీసి ఆ జానను కొలిచింది. పదిహేడు సెంటీమీటర్లు. రెండు చివర్ల ఉబ్బూ లెక్కలో కలిపి మళ్లీ నడిపింది. మూడువేల రెండొందల ఇరవై ఒకటి.

పల్లవి కుర్చీలోంచి లేచి నిలబడింది. "తప్పు నాదే సార్. కోణం సరిగ్గానే వచ్చినాది. ట్యాంకు ఆకారం నేనే తప్పు చెప్పినాను. పెద్దమ్మ లెక్కకు ఒక్క లీటరే తేడా."

"ఆ ఒక్క లీటరూ నేనే తాగినానని రాసుకో సారూ" అనింది దేవకమ్మ. గొంతు నిండా గర్వం. దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి?

యోగానంద తల దించుకున్నాడు. "మనసులో పెట్టుకోవద్దమ్మా."

"పెట్టుకోను. బస్సుకు టైమైంది." భుజాన సంచి తగిలించుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటింది.

కాసేపటికి యోగానంద అడిగాడు. "రేపట్నుంచి లోపలికి దిగేదెవరు?"

పల్లవి ట్యాంకు వైపు చూసింది. నిచ్చెన పక్కన, అప్పుడే కడిగిపెట్టిన పొట్టి రబ్బరు బూట్లు రెండూ ఎండకు ఆరుతున్నాయి.