ఒక్కరికి మించితే సభ

కేప్‌టౌన్ అథ్లోన్ పేటలో పిల్లలకు ఇరవై ఒకటి నిండిన రోజున తండ్రి నలుగురి ముందు నిలబడి, నాలుగు మంచి మాటలు చెప్పి, వెండిరంగు కాగితం అంటించిన పెద్ద చెక్క తాళంచెవి చేతిలో పెట్టాలి. అది జరిగితేనే పిల్ల పెద్దదైనట్టు. ఇప్పుడు ఇరవై ఒకటి నిండుతున్న బెరిల్‌ తండ్రి క్లెమెంట్ ఫోర్టైన్ నలుగురి ముందు నిలబడితే మాత్రం జైలే.

ఆయన నవలలు రాసేవాడు. తెల్లవాళ్ళ పాలనను ఆ నవలల్లోనూ, సభల్లోనూ దుమ్మెత్తిపోసేవాడు. సర్కారు ఆయన పుస్తకాలను నిషేధించి, అంతటితో కడుపు నిండక మనిషినీ నిషేధించింది. గడప దాటకూడదు. ఆయనున్న గదిలో మరొక్కరికి మించి ఉంటే అది సభ కిందే లెక్క. మూడేళ్ళుగా ఇదే బతుకు.

భార్య హెస్టర్‌కు ఆయన గొంతంటే పిచ్చి. చర్చి హాలులో వెనక బెంచీ మీద కూర్చుని ఆ గొంతు వినే మనసిచ్చింది. ఇప్పుడాయన "ఉప్పు ఇటివ్వు" అనడం తప్ప పెద్దగా మాట్లాడడు. కూతురి పండగనాడైనా నోరారా మాట్లాడితే వినాలని ఆవిడ ఆశ.

ఆ శనివారం ముందుగది నిండా చుట్టాలు, బిర్యానీ పళ్ళేలు. క్లెమెంట్ వంటింట్లో తలుపేసుకున్నాడు. ఎదురుగా రోడ్డు మీద పోలీసు కారు.

"తాళంచెవి బాబాయి చేత ఇప్పించేద్దాంలే" అంది క్లెమెంట్ అక్క దీనా.

"నాన్న ఉండగా బాబాయి ఎందుకత్తా?" బెరిల్ లేచింది. "అందరూ పళ్ళేలు పట్టుకుని బయటికి నడవండి. అమ్మా, నువ్వు కూడా."

"నేనెందుకే? కన్నతల్లిని!"

"లోపల నేనొక్కదాన్నే ఉండాలి. కిటికీ తీసే ఉంచుతా. నాన్న నాతోనే మాట్లాడతాడు, కాకపోతే గట్టిగా మాట్లాడతాడు. గట్టిగా మాట్లాడకూడదని చట్టంలో లేదుగా!"

నలభై మందీ రోడ్డెక్కారు. క్లెమెంట్ వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చాడు. ఆగ్నేయపు గాలి టోపీలు ఎగరగొడుతోంది. సార్జెంటు కారు దిగాడు.

"ఏంటిక్కడ గుంపు?"

"బస్సు కోసమయ్యా" అంది దీనా, బిర్యానీ నములుతూ.

"ఈ వీధిలోకి బస్సు రాదుగా!"

"అందుకేగా ఇంతమందిమి మిగిలిపోయాం."

సార్జెంటు కిటికీలోంచి తొంగిచూశాడు. లోపల ఇద్దరే. చేసేది లేక వెళ్ళి కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

క్లెమెంట్ రాసుకున్న కాగితాలు విప్పాడు. బయట అందరూ కిటికీకేసి తిరిగారు. ఆయన కూతురి మొహంకేసి చూసి, కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా, చిన్నగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. బెరిల్ తలూపుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

"గట్టిగారా తమ్ముడూ! ఒక్క ముక్క వినబడి చావట్లేదు" అని దీనా అరిచింది. మరో ఇద్దరు వంతపాడారు.

హెస్టర్‌కు ఒళ్ళు మండింది. మూడేళ్ళు కాచుకున్నది ఈ గుసగుసల కోసమా? విసురుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంకో అడుగు వేస్తే మాటలు వినబడేవి. అంతలో ఆయన మొహం కనబడింది. ఏ సభలోనూ ఆవిడ చూడని మొహం అది. ఇరవై ఏళ్ళు ఊరందరితో మాట్లాడిన మనిషి, కన్నకూతురితో ఎప్పుడు మాట్లాడాడు?

"ఊరుకోండర్రా" అంది వెనక్కి తిరిగి. "అది మనకు చెప్పేది కాదు."

"మరి నువ్వూ వినవా?" అంది దీనా.

వినాలనే ఉంది. ప్రాణం లాగేస్తోంది. హెస్టర్ చెయ్యి చాచి, బయటినుంచే కిటికీ రెక్కలు లాగి మూసేసింది.